కదలని విమానం దిగిపోయిన రోజు

సర్రే
6 ఏప్రిల్ 2008

ఇమొజెన్‌కి,

ముందుగా ఒక దిద్దుబాటు. "విమానమంటే నీకు భయం కదా నానమ్మా" అని రాశావు. నాకు భయం లేదు. ఈ లోకంలో నేను భయపడేవి కొన్నే ఉన్నాయి. మీ అమ్మ చేసే చేపల వంటకం. వెనక్కి తిప్పేటప్పుడు మీ నాన్న కారు. చర్చిలో కొత్త పాదిరీ గిటారు చేతికి తీసుకోవడం. అంతే. విమానం ఆ జాబితాలో లేదు. ఎనభై ఏళ్లు వచ్చినా ఒక్కసారీ విమానం ఎక్కలేదంటే భయమనేనా అర్థం? నేను ఒంటె కూడా ఎక్కలేదు. ఒంటెలంటే నాకు భయమని మాత్రం ఎవరూ అనరే!

ఎక్కకపోవడానికి కారణం మీ తాత. విల్‌ఫ్రెడ్‌కి నిచ్చెన మూడో మెట్టు మీదే కళ్లు తిరిగేవి. అందుకని ప్రతి వేసవిలో కారులో వేల్స్ వెళ్లి, వానలో అద్దాలు మూసుకుని, ఆవిరి పట్టిన కిటికీల వెనక గుడ్డు శాండ్‌విచ్‌లు తిని ఇంటికొచ్చేవాళ్లం. దాన్ని సెలవులు అనేవాళ్లం.

నీకూ లౌరీకీ పెళ్లన్న పిలుపు నా బల్ల మీదే ఉంది. "చాలా దూరం నానమ్మా, బలవంతమేమీ లేదు, రాలేకపోతే మేం అర్థం చేసుకుంటాం" అని రాశావు. నేనూ అర్థం చేసుకున్నాను. అందుకే "మీకు అడ్డం కావడం నాకు ఇష్టం లేదు" అని జవాబిచ్చాను. అందులో విమానం అన్న మాట నీకు ఎక్కడ కనిపించింది? మీ నాన్న చెప్పి ఉంటాడు. నిన్న వచ్చి, నా కుర్చీలో కూర్చుని, నా బిస్కట్లు తింటూ, "అమ్మా, వచ్చే శనివారం కాక ఆ పై శనివారం నిన్ను పాత రేసుల ట్రాక్ దగ్గరి మ్యూజియానికి తీసుకెళ్తాను. అక్కడ కాంకార్డ్ విమానం ఉంది. ఊరికే లోపల కూర్చుందాం. మెల్లిగా అలవాటవుతుంది" అన్నాడు. గొంతు ఎంత మృదువుగా పెట్టాడంటే, పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లే ముందు పిల్లితో అలా మాట్లాడతారు.

నేల మీద ఆగిపోయిన విమానంలో కూర్చుంటే ఎగరడం అలవాటవుతుందా? అయితే నాలుగు రోడ్ల కూడలిలో రాజుగారి విగ్రహం గుర్రం మీద ఉంది. ముందు నన్ను దాని మీదికి ఎక్కించమను. అయినా సరే, వస్తానన్నాను.

పిల్లలందరికీ నా దీవెనలని రాస్తుంటారు ముసలివాళ్లు. నీకు ఒక్కదానికే రాస్తున్నాను.

నానమ్మ

*

స్ట్రోమ్‌సే దీవి, షెట్లండ్
12 ఏప్రిల్

నానమ్మా,

నీ ఉత్తరం చదివి లౌరీ ఎంత నవ్వాడో! "ఈవిడ ధైర్యం నటించడంలో మా దీవి జాలర్లని మించిపోయింది" అన్నాడు. నిజంగా నువ్వు ఎంత మంచిదానివో! భయాన్ని ఒప్పుకోకుండా, మ్యూజియానికి వెళ్లడానికి మాత్రం ఒప్పుకున్నావు. అది చాలు నాకు.

నీకు ముందే చెప్పడం మంచిది. లెర్విక్ ఊరి నుంచి మా దీవికి వచ్చే విమానం చాలా చిన్నది. ఏడుగురు పడతారు. ఎక్కే ముందు అందరి బరువూ అడుగుతారు. దిగేది రాళ్ల మట్టి మీద. అప్పుడప్పుడు గొర్రెలు అడ్డం వస్తే పైలట్ ఒక చుట్టు తిరిగి వస్తాడు. గాలి ఉంటే కాస్త ఊగుతుంది. ఇవన్నీ నిన్ను బెదిరించడానికి రాయడం లేదు. తెలిసి ఉంటే మంచిదని. పడవ కూడా ఉంది కానీ అది ఇంకా ఘోరం.

జూన్ పద్నాలుగు పెళ్లి. నీ ఇష్టం నానమ్మా. నువ్వు రాలేకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. లౌరీ తమ్ముడు మొత్తం వీడియో తీస్తాడు.

మ్యూజియం ఎలా ఉందో రాయి. ఇక్కడ పొద్దున్నుంచీ మంచు కమ్ముకుంటోంది. ఇలా ఉంటే విమానం రాదు, టపా రాదు, బ్రెడ్డు రాదు.

ముద్దులతో,
ఇమొజెన్

*

సర్రే
20 ఏప్రిల్ 2008

ఇమొజెన్‌కి,

"నీ ఇష్టం" అట. "ఎవరూ ఏమీ అనుకోరు" అట. నా చేత ఇన్నేళ్లు ఉత్తరాలు రాయించుకుని నువ్వు నేర్చుకున్నది ఇదా! వీడియో సంగతి మళ్లీ ఎత్తకు. నేను పెళ్లికూతుర్ని చూడాలనుకుంటాను, టీవీని కాదు.

సరే, నిన్నటి రోజు గురించి అడిగావు. విను.

పొద్దున్నే మీ నాన్న వచ్చాడు. మీ అమ్మ రాలేదు, తలనొప్పట. నేను కూడా తలనొప్పి అంటే బాగుండేది, కానీ ఆవిడ ముందే వాడేసుకుంది. ఇల్లు దాటేసరికి వాన. నా చేతిలో ఒక కరపత్రం పెట్టాడు. విమానభయం ఉన్నవాళ్లు ఊపిరి ఎలా పీల్చుకోవాలో అందులో రాసి ఉంది. ఇన్నేళ్లుగా నాకు నేనే పీల్చుకుంటున్నానని చెప్పాను. నవ్వాడు. "అదే అమ్మా, జోకులేసి దాచుకోవడం కూడా లక్షణమేనని ఇందులో ఉంది" అన్నాడు.

ట్రాక్ నువ్వు చిన్నప్పుడు చూశావు, గుర్తుందో లేదో. గోడలా పైకి లేచిన ఆ కాంక్రీటు వంపు, దాని పగుళ్లలోంచి మొలిచిన బిర్చ్ చెట్లు, నాచు. నేను పదేళ్ల పిల్లప్పుడు అదే వంపు మీద కార్లు మా తలల కన్నా ఎత్తున దూసుకుపోయేవి. ఆ రోజుల్లో రేసు కార్లలో ఆముదం పోసేవాళ్లు. కాలిన ఆముదం వాసన మా అమ్మ టోపీలో సోమవారం దాకా ఉండేది. కొందరు పిల్లలు ఆముదం పేరు చెబితే పారిపోతారు. నాకు మాత్రం ఆ వాసనంటే పండగ.

నేను ఆ వంపు చూస్తూ నిలబడ్డాను. మీ నాన్న ఫొటో తీస్తానన్నాడు. కెమెరా కొత్తది. బొత్తాం ఎక్కడుందో తెలియక నన్ను వానలో నిలబెట్టి పుస్తకం చదివాడు. "నవ్వమ్మా" అన్నాడు. "దేనికి?" అన్నాను. ఆ ఫొటోలో నా మొహం చూసి, అది కూడా భయమే అనుకుంటాడు చూస్తూ ఉండు.

తర్వాత కారు వెనక డిక్కీ ఎత్తి, దాని కింద నిలబడి శాండ్‌విచ్‌లు తిన్నాం. పక్కనే రేకుల షెడ్డు దగ్గర ఒక పెద్దాయన, మెడకు టై కట్టుకుని, పాత రేసు కారు బానెట్ తుడుస్తున్నాడు. పైకప్పు లేని కారు, ముక్కు పొడుగు, ఇద్దరు పట్టే సీటు. ఆయన పేరు టాప్‌సెల్. వచ్చినవాళ్లని అందులో ఎక్కించుకుని ట్రాక్ పక్కనున్న నిట్టనిలువు గుట్ట మీదికి తీసుకెళ్తాడట. నన్ను చూసి, "పక్క సీటు ఖాళీగా ఉందమ్మా, వస్తారా?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపు మీ నాన్న, "అయ్యో, మా అమ్మకి అవన్నీ పడవండీ" అన్నాడు.

టాప్‌సెల్ నా వైపే చూస్తున్నాడు. నేనేమన్నానో తెలుసా? "నాకు పర్లేదు, వద్దులెండి" అన్నాను. నా నోరే. ఆయన టోపీ తాకి, మళ్లీ బానెట్ తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

ఆ తర్వాత మమ్మల్ని ఆ తెల్లటి విమానంలో కూర్చోబెట్టారు. అందరికీ ఉత్తుత్తి టికెట్లు. ఉత్తుత్తి ప్రయాణం. మైకులో పైలట్ గొంతు, సీట్ల కింద గుర్రుగుర్రు. మీ నాన్న నా చెయ్యి పట్టుకుని, "నేనున్నానమ్మా" అంటున్నాడు. "మనం ఇప్పుడు అరవై వేల అడుగుల ఎత్తులో ఉన్నాం" అంది మైకు. కిటికీలోంచి చూశాను. ఒక లావుపాటి మనిషి బర్గర్ తింటున్నాడు. అరవై వేల అడుగుల ఎత్తులో, గొడుగు కింద. అందరూ చప్పట్లు కొట్టారు.

నాకు ఒళ్లు మండిపోయింది పిల్లా. బయట నిజంగా కదిలే కారు ఉంది. దాన్ని వదిలేసి, నేను కదలని విమానంలో కూర్చుని చెయ్యి పట్టించుకుంటున్నాను. లేచాను.

"ఎక్కడికమ్మా?" అన్నాడు మీ నాన్న.

"దిగుతున్నాను."

ద్వారం దగ్గరున్న అమ్మాయి సరదాగా, "ఇప్పుడు గాల్లో ఉన్నాం మేడమ్" అంది.

"పర్లేదు, గొడుగుంది" అని దిగిపోయాను.

టాప్‌సెల్ కారు మీద గుడ్డ కప్పుతున్నాడు. "ఆ సీటు ఇంకా ఖాళీయేనా?" అన్నాను. "ఖాళీయే గానీ, ముందే చెప్తున్నా, తడిసిపోతారమ్మా" అన్నాడు. "కరిగిపోవడానికి నేనేమన్నా ఉప్పుబొమ్మనా?" అన్నాను. ఆయన ఇంకో మాట మాట్లాడకుండా గుడ్డ తీసేశాడు. అటువంటి మగవాళ్లు ఇప్పుడు తయారు కావడం లేదు.

ఇమొజెన్, ఆ గుట్ట ఇంటికప్పంత వాలుగా ఉంటుంది. సగానికి వచ్చేసరికి ముందు ఆకాశం తప్ప రోడ్డు కనిపించలేదు. మొహం నిండా వాన. టోపీ ఎటో ఎగిరిపోయి బిర్చ్ కొమ్మలో చిక్కుకుంది, ఇప్పటికీ అక్కడే ఉంటుంది. పై అంచు మీద చక్రాలు నేలని వదిలినట్టయింది. నేను అరిచాను. ఏమని అరిచానో రాయను. టాప్‌సెల్ మర్యాదస్తుడు, విననట్టే ఉన్నాడు. కిందికి వచ్చాక ఒంట్లో వణుకు ఆగలేదు. సగం చలి, సగం సంతోషం. కళ్లలో గాలికి నీళ్లు. ఆముదం వాసన.

అప్పుడే మీ నాన్న నన్ను వెతుక్కుంటూ మూల తిరిగి వచ్చాడు. టాప్‌సెల్ అప్పటికే కారు షెడ్డులో పెట్టేశాడు. మీ నాన్న చూసింది తలమీద టోపీ లేకుండా, తడిసి, వణుకుతూ, కళ్లు తుడుచుకుంటున్న తల్లిని. గళ్ల దుప్పటి తెచ్చి నన్ను చేపలా చుట్టేశాడు. "ఏడవకమ్మా. ఇంకెప్పుడూ నిన్ను విమానం ఎక్కమనను. తప్పు నాదే" అన్నాడు. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి, మాట రాలేదు. వచ్చాక చెబుదామనుకున్నాను. కానీ దారి పొడుగునా తన మంచితనానికి తానే అంత పొంగిపోతుంటే, ఎందుకులే అని ఊరుకున్నాను.

జలుబు చేసింది. చచ్చేంత కాదు.

నానమ్మ

*

స్ట్రోమ్‌సే
23 ఏప్రిల్

నానమ్మా, నన్ను క్షమించు.

పది రోజులుగా మంచు. విమానం రాలేదు, నీ ఉత్తరమూ రాలేదు. ఈ ఉత్తరం పడవలో పంపిస్తున్నాను. నిన్న నాన్న ఫోన్ చేసి అంతా చెప్పాడు. విమానం తలుపు మూయగానే నీ మొహం పాలిపోయిందట. మధ్యలో లేచి పారిపోయావట. వానలో ఎక్కడో ఒంటరిగా ఏడుస్తూ కనిపించావట. నాన్న గొంతు కూడా వణికింది. నేను ఎంత దుర్మార్గురాలిని! నేలమీది విమానమే నిన్ను అంత బాధపెడితే, మా గొర్రెల విమానం నిన్ను ఏం చేసేదో!

ఒక సంగతి నీకు చెప్పలేదు. పెళ్లి ముందురోజు విమానంలో నీకోసం ఒక సీటు పట్టి ఉంచాను, నువ్వు మనసు మార్చుకుంటావేమోనని. ఇవాళ ఆ సీటు లౌరీ వాళ్ల ఓస్లా అత్తకి ఇచ్చేశాను. లెర్విక్‌లో ఉంటుంది, ఆవిడా పెద్దదే. ఇంక నీ మీద ఏ బరువూ లేదు. హాయిగా ఇంట్లో ఉండు. పెళ్లయ్యాక శరత్కాలంలో మేమే వస్తాం.

కేకు ముక్క డబ్బాలో పెట్టి పంపుతాను.

నీ ఇమొజెన్

*

సర్రే
28 ఏప్రిల్ 2008

ఇమొజెన్,

నీ ఉత్తరం నిలబడి చదివాను. తర్వాత కూర్చోవాల్సి వచ్చింది.

కేకు ముక్క! డబ్బాలో!

నా ఉత్తరం ఈపాటికి నీకు అందే ఉంటుంది. అందకపోతే అది చేరేదాకా ఇది పక్కన పెట్టు, లేకపోతే నాకు మతి పోయిందనుకుంటావు. నేను పారిపోలేదు. ఏడవలేదు. అరవై వేల అడుగుల నుంచి గొడుగుతో దిగి, నాకు కావలసిన చోటికి వెళ్లాను.

మీ నాన్నకి నిన్న అంతా చెప్పాను. భోజనం దగ్గర, బంగాళాదుంపల గిన్నె వాడి చేతిలో ఉండగా. "నువ్వా? రేసు కారులోనా? ఆ గుట్ట మీదా?" అన్నాడు. "నేనే. చెయ్యి పట్టుకోవడానికి ఎవరూ లేకుండా" అన్నాను. గిన్నె కింద పెట్టి, "మరి అప్పుడే చెప్పొచ్చు కదమ్మా" అన్నాడు. "నువ్వు అడగొచ్చు కదా" అన్నాను. మీ అమ్మ నవ్వడం నా జీవితంలో రెండోసారి చూశాను.

కానీ పడుకున్నాక ఆలోచించాను. వాడి మీద కోపగించుకుని ఏం లాభం? మన ఇంటి రోగమే అది. మన దేశం రోగం కూడానేమో. మనం ఎవరినీ రమ్మని పిలవం, "వీలైతే" అంటాం. ఎవరికీ వస్తామని చెప్పం, "అడ్డం కాకూడదు" అంటాం. ఇద్దరూ తలుపుకి చెరోవైపు నిలబడి "మీరు ముందు", "కాదు, మీరు ముందు" అంటుంటే, లోపల వంట చల్లారిపోతుంది. మొహమాటానికి పోతే ఏమవుతుందో ఒక సామెత ఉంది. పెళ్లి కావలసిన పిల్లకి రాయకూడదు.

అదే ట్రాక్ మధ్యలో, నా పదో ఏట, విమానాలు నిలిపే మైదానం ఉండేది. పండగ రోజున పిల్లల్ని ఎక్కించుకుని ఒక చుట్టు తిప్పేవాళ్లు. మా నాన్న దగ్గర ఒక్క టికెట్టే ఉంది. "హెస్టర్, నువ్వు వెళ్తావా, తమ్ముణ్ణి పంపనా?" అన్నాడు. నేను రాత్రంతా దాని గురించే కలలు కన్నదాన్ని. ఏమన్నాను? "నాకు పర్లేదు నాన్నా, రాల్ఫ్‌ని పంపు" అన్నాను. నాన్న ఇంకోసారి అడుగుతాడనుకున్నాను. అడగలేదు. మంచిపిల్లవని తల నిమిరాడు. రాల్ఫ్ తిరిగొచ్చి నా కొత్త బూట్ల మీద వాంతి చేసుకున్నాడు. అప్పటి నుంచి విమానం ఎక్కమని నన్ను అడిగినవాళ్లు లేరు. నువ్వు అడిగావు. అడిగి, అదే ఉత్తరంలో, అదే పేరాలో, వెనక్కి తీసుకున్నావు.

ఇప్పుడు నేను మొదటిసారి సరిగ్గా రాస్తాను. నాకు నీ పెళ్లికి రావాలని ఉంది. ఆ గొర్రెల విమానంలోనే రావాలని ఉంది. "పర్లేదు" కాదు, "వీలైతే" కాదు. ఉంది.

నీకు నేను రావాలని ఉందా? ఉంటే ఉందని రాయి. లేకపోతే లేదని రాయి. "దూరం", "బలవంతం", "అర్థం చేసుకుంటాం" అన్న మాటలు కనిపించాయంటే నీ ఉత్తరాన్ని ఎర్ర సిరాతో దిద్ది తిరుగు టపాలో పంపిస్తాను. నలభై ఏళ్లు పాఠాలు చెప్పినదాన్ని, చేతగాని పని కాదు.

ఓస్లా అత్తకి నా నమస్కారాలు చెప్పకు. ఆవిడ మీద నాకు ప్రస్తుతం సద్భావం లేదు.

హెస్టర్ (నానమ్మ అని సంతకం చెయ్యాలో లేదో నీ జవాబు చూసి చెబుతాను)

*

స్ట్రోమ్‌సే
3 మే

నానమ్మా,

రా.

అంతే రాసి పంపుదామనుకున్నాను. కానీ లౌరీ, "టపా మనిషి ఇంత దూరం వస్తున్నాడు, ఇంకో రెండు మాటలు రాయి" అన్నాడు.

నీ రెండు ఉత్తరాలు ఒకే సంచిలో వచ్చాయి. వంటింట్లో నిలబడి చదివాను. మొదటిదానికి నవ్వాను, రెండోదానికి ఏడ్చాను. లౌరీకి ఏ ఉత్తరం ఏదో తెలియక ముందు నన్ను ఓదార్చి, తర్వాత నవ్వాడు. నువ్వు రావాలి. నువ్వు లేకపోతే నాకు బాగుండదు. నిన్ను పిలిచిన రోజు నుంచీ ఆ మాటే రాయాలనుకుని, నీకు ఇబ్బందవుతుందని రాయలేదు. నువ్వు చెప్పిన రోగమే.

కానీ సీటు ఇచ్చేశాను కదా! ఎలా తిరిగి అడగాలో తెలియక రెండు రోజులు తిండి సయించలేదు. చివరికి లౌరీయే ఓస్లా అత్తకి ఫోన్ చేశాడు. ఆవిడ గట్టిగా మాట్లాడుతుంది, ఫోన్ గదికి అవతల పెట్టినా వినపడింది.

"ఒరేయ్ లౌరీ! ఆ సీటు నేనెప్పుడు అడిగానురా? చిన్నప్పటి నుంచీ పడవలో తిరిగినదాన్ని. ఆ రేకుడబ్బాలో ఎక్కితే చెవులు గింగురుమంటాయి. కొత్త పిల్ల అంత ప్రేమగా ఇస్తుంటే వద్దంటే బాగుండదని నోరు మూసుకున్నాను. ఆ సర్రే ముసలావిడకి ఇచ్చెయ్. ఆవిడ రాకపోతే గొర్రెని కూర్చోబెట్టు. నన్ను మాత్రం వదిలెయ్!"

కాబట్టి ఆ సీటు నీదే. నాన్నా అమ్మా కూడా అదే విమానంలో వస్తున్నారు. నాన్న కరపత్రం తెస్తానంటున్నాడు. తనకోసం. నీకు తెలుసా, విమానమంటే భయం నాన్నకేనట! చిన్నప్పటి నుంచీ. ఎవరికీ చెప్పలేదట.

నువ్వు తప్పకుండా రా.

ఇమొజెన్

*

సర్రే
8 మే 2008

నా బంగారు ఇమొజెన్‌కి,

వస్తున్నాను.

నీ ఉత్తరంలో దిద్దడానికి ఏమీ లేదు. మొదటి మాట మరీ బాగుంది. మీ తాత నన్ను పెళ్లి చేసుకోమని అడిగినప్పుడు, "నీకు వేరే ఆలోచనేమీ లేకపోతే" అని మొదలుపెట్టాడు. నాకు లేకపోబట్టి సరిపోయింది.

మీ నాన్న సంగతి విని నేను ఆశ్చర్యపోలేదు. ఆ రోజు నా చెయ్యి పట్టుకున్నది నాకోసమే అయితే అంత గట్టిగా పట్టుకోనవసరం లేదు. రెండు రోజులు వేళ్లు నొప్పి పుట్టాయి. విమానంలో వాడి చెయ్యి నేను పట్టుకుంటానని చెప్పాను. "నాకు పర్లేదమ్మా" అన్నాడు. నేను వినదలుచుకోలేదు.

ఓస్లా గారికి నా నమస్కారాలు చెప్పు. ఆవిడ పక్కన కూర్చుని భోజనం చెయ్యాలని ఉందని కూడా చెప్పు. కొత్త టోపీ కొన్నాను, ఈసారి గడ్డం కింద కట్టుకునేది.

ఇప్పుడు నువ్వు చెయ్యవలసిన పని ఒకటి ఉంది. ఆ రేసు కారులోంచి దిగుతుంటే టాప్‌సెల్ గారితో మీ దీవి విమానం సంగతి చెప్పాను. ఆ రకం చిన్న విమానాల్లో పైలట్ పక్కన కూడా ఒక ప్రయాణికుణ్ణి కూర్చోబెడతారని, ఎవరు ముందు అడిగితే వాళ్లదేనని ఆయన అన్నాడు. ఈ ఉత్తరం అందగానే మీ దీవిలో విమానం దిగే చోటున్న షెడ్డుకి వెళ్లు. సీట్లు రాసుకునే మనిషిని పట్టుకో. నా బరువు రాసి వేరే కవరులో పెట్టి, అంటించి పంపుతున్నాను, నువ్వు తెరవకుండా అతనికివ్వు. పైలట్ పక్క సీటు హెస్టర్ గారికి కావాలి, ముందు సీటే కావాలి అని చెప్పు. ఆ రోజు నేను నోరు జారి "నాకు ఎక్కడైనా పర్లేదు" అంటే నమ్మొద్దని కూడా చెప్పు. అతను రాసుకునేదాకా అక్కడే నిలబడు. గాలిగా ఉంటుంది, చెవులకి ఏదైనా కట్టుకుని వెళ్లు.

నానమ్మ